పండుగనాడు ఆగని గుండు

దసరానాడు యంత్రాన్ని ముట్టుకోకూడదు. మా తునికిగూడెంలో ఇది చట్టం కన్నా గట్టి మాట. బొగ్గు తవ్విన కాలం నుంచీ అంతే. బొగ్గు కోసే మిషనైనా, నీళ్ళు తోడే మోటారైనా, ఆఖరికి క్యాంటీన్లో పిండి రుబ్బే గ్రైండరైనా సరే, శుభ్రంగా కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, ఆ ఒక్క రోజు దాని మానాన దాన్ని వదిలేయాలి. ఏడాదంతా చాకిరీ చేయించుకుని ఒక్క పూటైనా సెలవివ్వకపోతే యంత్రం మనిషి మీద పగపడుతుందని మా మామ ఓదెలు అంటాడు. జీవితమంతా గనిలోకి దిగి ఎక్కిన మనిషి. ఆయనతో వాదించే ఓపిక నాకెప్పుడూ లేదు.

అందుకే ఆ దసరా పొద్దున నా భార్య శ్యామల గుండును ఆపేసింది. ఓదెలు కూతురే కదా, తండ్రి మాట తీసేయదు.

గుండు సంగతి చెప్పాలి. బొగ్గు అయిపోయి గనులు మూసేశాక మా ఊరు సగం ఖాళీ అయింది. ఖాళీ క్వార్టర్ల తలుపులు, కిటికీలు ఎవరికి దొరికినవి వాళ్ళు ఊడబీక్కుపోయారు. ఉన్నవాళ్ళం ఉన్నచోటే ముసలివాళ్ళం అవుతాంలే అనుకుంటుంటే వేడి ప్లాంటు వచ్చింది. ఆరు కిలోమీటర్ల లోతు బావులు వేసి, నీళ్ళు దింపి, ఆవిరి పైకి తీసి కరెంటు పుట్టిస్తారు. ఆ బావుల వాల్వులు తిప్పే షిఫ్టు ఉద్యోగం నాది. పేరు సదానందం. అది మా నాయన పెట్టిన పేరు, అందులో నా తప్పేం లేదు.

మా నేల కింద ఉండాల్సినదాని కన్నా ఎక్కువ వేడి ఉంది. ఎందుకుందో ఎవరికీ తెలియదు. ఎక్కడి నుంచి వస్తుందో తెలియని వేడి ఎన్నాళ్ళు ఉంటుందని నమ్మాలి? అది తేల్చడానికే కంపెనీవాళ్ళు గుండు చేయించారు. గుమ్మడికాయంత టంగ్‌స్టన్ గోళం. లోపల హీటర్లుంటాయి. కింది రాయిని కరిగించుకుంటూ తన బరువుతో తనే దిగుతుంది. కరిగిన రాయి దాని నెత్తి మీద మళ్ళీ గడ్డకడుతుంది. పోతూ పోతూ కడుపులోంచి సన్నటి తీగ వదులుతుంది. ఆ తీగలోంచే దానికి కరెంటు పోతుంది, మనకు దాని కబుర్లు వస్తాయి. కరెంటు ఆపామా, చుట్టూ రాయి బిగుసుకుని ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. మళ్ళీ ఇస్తే మళ్ళీ దిగుతుంది. మనిషి చేసిన వస్తువు ఏదీ అంత లోతు చూడలేదు.

దాని ఆలనాపాలనా శ్యామలది. పాత గని మూతి పక్కన రెండు గదుల ఆఫీసు. రెండేళ్ళుగా ఆమె నాతో మాట్లాడిన మాటల కన్నా దాని చప్పుడు విన్నదే ఎక్కువ. ఈ మాట ఆమె ముందు అన్నానంటే మాత్రం ఆ పూట నాకు కూర ఉండదు.

దసరా నాటికి గుండు ఇరవై రెండు కిలోమీటర్ల లోతులో ఉంది. డైరెక్టరు ఫణీంద్ర గారిది అమలాపురం వైపు. ఎప్పుడు చూసినా కళ్ళ కింద నల్లటి చారలతో, ప్రయాణం చేసి అప్పుడే దిగినట్టుండే మనిషి. "ఒక్క రోజు ఆపితే కొంపలేం మునగవు లెండి, శ్యామలగారూ. పెద్దాయన మనసు ఎందుకు కష్టపెట్టడం?" అన్నారు. శ్యామల హీటర్లకు కరెంటు తీసేసి, బోర్డుకు బొట్టు పెట్టి దండ వేసింది. మామ కొబ్బరికాయ కొట్టాడు. సాయంత్రం అందరం జమ్మి చెట్టు కాడికి పోయి, ఒకరి చేతిలో ఒకరం ఆకు పెట్టుకుని, అలాయ్ బలాయ్ తీసుకుని, ఇంటికొచ్చి కడుపునిండా మటన్ తిని నిమ్మళంగా పడుకున్నాం.

మర్నాడు పొద్దున ఆఫీసుకు పోయిన శ్యామల నాకు ఫోన్ చేసింది.

"నువ్వు గాని వచ్చి స్విచ్ ఏసినవా?"

"నాకేం పని? ఇప్పుడే లేసిన."

"మరి బాపు?"

"మామ ఇంకా దుప్పట్లనే ఉన్నడు. ఏమైందే?"

"గుండు దిగింది."

"దిగుతది మరి. దాని పనే గది."

"ఆపిన గుండయ్యా! కరెంటు లేదు, హీటర్లు సల్లగ ఉన్నయ్. ఎనిమిది మీటర్లు దిగింది."

చొక్కా వేసుకుని పోయాను. బోర్డు మీద బంతిపూల దండ అలాగే ఉంది. దాని కింద లోతు చూపే అంకె నేను చూస్తుండగానే మారింది. శ్యామల కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. సంతోషమో భయమో తెలియలేదు. చాలా అలసిపోయిన ముఖం అది.

"రాయిల ఉంటే ఆగాలె. ఆగలేదంటే అక్కడున్నది రాయి కాదు," అంది.

*

ఆ సాయంత్రం ఇంట్లో అందరం వంటగదిలోనే కూడాం. మా బిడ్డ హరిణి కూడా వచ్చింది. కాలనీ బళ్ళో టీచరు, అప్పటికి ఆరో నెల. అల్లుడు మా ప్లాంటులోనే మోటార్లు బాగుచేస్తాడు. వాళ్ళది రెండు వీధుల అవతలి క్వార్టరు. అతనికి నాగపూర్లో ఇంకో ఉద్యోగం పిలిచి ఇస్తామన్నారు. పోదామా వద్దా అని మొగుడూ పెళ్ళాలు నెలరోజులుగా తేల్చుకోలేకుండా ఉన్నారు.

శ్యామల పొయ్యి మీద ఇనుప పెనం పెట్టి, సద్దుల బతుకమ్మకు చేసిన నువ్వుల ముద్ద ఒకటి డబ్బాలోంచి తీసి దాని మీద పెట్టింది.

"పండుగ ముద్దను కాలబెడ్తున్నవేందే?" అన్నాడు మామ.

"సూడు బాపూ. ఈ ముద్ద మన కిందున్న పాత రాయి అనుకో. పెనం ఏందంటే, ఇంకా కిందికెళ్ళి వచ్చే మాగ్మా. నల్లగ, బరువుగ, మస్తు వేడి మీద ఉంటది. పైకి రావాలనే సూస్తది గాని రాలేదు. మీదున్న రాయి తేలిక, ఇది బరువు. అందుకని అడుగునే పరుసుకుంటది. అది సల్లారేటాల్లకు ఇంకో తాప వస్తది. దాని మీద ఇంకో తాప."

ముద్ద అడుగున బెల్లం కరిగి పెనం మీద పారసాగింది. నువ్వులు నువ్వుల్లాగే ఉన్నాయి. వాసన బాగుంది, ఆ మాట చెప్పాలి.

"రాయి అంతా ఒక్కపారే కరగది. కరిగేది కరుగుతది, ఈ నువ్వుల లెక్క ఉండేది ఉంటది. కరిగింది తేలిక, జిగట. గింజల సందులకెళ్ళి మెల్లమెల్లగ మీదికెక్కి ఒక్కకాడ కూడుతది. మన గుండు ఆ గింజల నడుమ పడ్డది. గందుకే ఆగలే."

"ఎంత ఉందమ్మా అట్లాంటిది?" అని హరిణి అడిగింది.

"తెల్వదు బిడ్డా. గుండు ఇంకా దిగుతనే ఉన్నది."

మామ పెనం మీది ముద్దను అట్లకాడతో తీసి, ఊదుకుంటూ తినేశాడు. ఆయనకు ఏదీ పారేయడం ఇష్టం ఉండదు.

*

కార్తీకంలో గుండు అడుగు చేరింది. ఎనిమిది వందల దగ్గర ఉన్న వేడి ఒక్క పూటలో పన్నెండు వందల డిగ్రీలకు పోయింది. శ్యామల చెప్పిన పెనం అదే. శ్యామల నన్ను పిలిచి చెవులకు గుండు చప్పుడు వినే సాధనం తగిలించింది. ఎక్కడో దూరంగా బరువైన సామాను ఈడ్చినట్టు చప్పుడు. కింది నుంచి మాగ్మా ఇంకో తాప వస్తోందట. లక్షల ఏళ్ళుగా జరుగుతున్న పని, మా పెళ్ళినాడూ, మా హరిణి పుట్టిననాడూ జరిగిన పని. మేమే ఎన్నడూ వినలేదు. తర్వాత చప్పుడు తెగిపోయింది. తీగ కొస కాలిపోయిందట.

"పోయింది," అంది శ్యామల. ఇంట్లో మనిషి పోతే అన్నట్టే అంది.

ఫణీంద్ర గారికి దేశదేశాల నుంచి ఫోన్లు వచ్చాయి. మిఠాయి డబ్బా తెచ్చి ఆఫీసులో పంచారు. శ్యామల తినలేదు. గుండు పోయినా పైనున్న తీగ పనిచేస్తూనే ఉంది, ఆమె దానికే కళ్ళప్పగించి కూర్చుంది. ఏడు కిలోమీటర్ల దగ్గర, అంటే మా బావుల అడుగుకు కొంచెం కింద, తీగ పక్కకు వంగుతోంది. గట్టి రాయిలో బిగిసిన తీగ ఎందుకు వంగుతుంది? కింద కరిగిన జిగట ద్రవం ఎక్కి వచ్చి అక్కడ చెరువు కడుతోంది. మా ఊరి కింద, అటూ ఇటూ మండలాల కింద కూడా.

నేను ఆ రోజు షిఫ్టు దిగి, టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని, ఆమెను ఇంటికి తీసుకుపోదామని ఆగాను.

"అయితే మంచిదే కదనే. వేడికి కొదవ లేదన్నట్టే కదా?" అన్నాను.

"సోడా సీస డీప్ ఫ్రిజ్‌ల పెడ్తే ఏమైతది?"

"పలుగుతది."

"ఎందుకు పలుగుతది?"

"గడ్డ కట్టినకొద్దీ లోపలి గ్యాసుకు జాగ ఉండది."

"ఆ చెరువుల కూడ గ్యాసు ఉన్నది. జిగటది కదా, ఇడిసిపెట్టది. మీరు రోజూ ఆవిరి గుంజుకుంట దాని నెత్తిని సల్లబెడ్తున్నరు. మీది అంచు గడ్డకడ్తున్నది. కింద బిగువు పెరుగుతున్నది."

"మీరు" అంది. "నువ్వు" అనలేదు. నన్ను వేరు చేసి నొప్పించడం ఎందుకనుకుందేమో. అయినా వాల్వు తిప్పేది నేనే కదా. నాకు భయం వేసింది.

"పలిగితే ఎట్లుంటది?"

"ఊరు ఉండది. జిల్లా ఉండది. బూడిద ఎక్కడిదాక పోతదో నేను జెప్పలేను."

"ఎప్పుడు?"

ఆమె కళ్ళు మూసుకుని నుదురు రుద్దుకుంది. ఆ తర్వాత చాలాసార్లు విన్న జవాబు అప్పుడే మొదటిసారి విన్నాను. "తెల్వదయ్యా. రేపు గావొచ్చు. మూడు వందల ఏండ్లకు గావొచ్చు. అసలు పలగకనే రాయి అయిపోవచ్చు. ప్లాంటు బంద్ వెట్టి, జనం జరిగిపోతే మంచిది. గంతవరకే తెలుసు."

*

ఫణీంద్ర గారు మా ఇంటికే వచ్చారు. వాకిట్లో కుర్చీ వేస్తే కూర్చున్నారు, టీ ఇస్తే చల్లారేదాకా పట్టుకునే ఉన్నారు.

"పైకి మూడు చోట్లకి వెళ్ళి చెప్పొచ్చానండీ. ఎప్పుడూ అని అడుగుతారు. తెలీదంటాను. తెలీదా, అయితే తెలిశాక రండి అంటారు. 'తెలీదు' అనే మాట మీద ఈ దేశంలో ఒక్క బస్సు కూడా కదలదు, శ్యామలగారూ."

"అబద్ధం చెప్పుమంటరా సార్?"

"నేనేం చెప్పమనడం లేదు. నాకు చెప్పే ఓపిక కూడా లేదు. ఒక్కటే దారుంది. కాలనీవాళ్ళే ముందుకొచ్చి, మేం ఇక్కడుండం, మమ్మల్ని ఇంకోచోటికి మార్చండి అని పట్టుబడితే కంపెనీ కాదనలేదు. వాళ్ళే ఉంటామంటే మాత్రం నా మాట వినేవాడు ఉండడు. ఆదివారం కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టిస్తాను. మీరు చెప్పండి. మీరు వాళ్ళ మనిషి."

ఆయన పోయాక శ్యామల అరుగు మీద కూలబడింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆమె చేసిన తప్పల్లా అందరికన్నా ముందు వినడమే.

"ఏం జెప్తవ్?" అన్నాను.

"ఉన్నదే జెప్త. తెల్వదనే జెప్త."

"చెప్పు. కాని ఒక మాట. మనోళ్ళు 'గావొచ్చు' అంటే కదలరు. గనిల కప్పు కూలుతదని రోజుకో తీరుగ విని విని చెవులు కాయలు కాసినోళ్ళు. లెక్క చెప్పకపోతే ఎవ్వడు లేవడు."

"లెక్క ఉంటే కదా చెప్పేది? లేని లెక్క యాడికెళ్ళి తేవాలె?" అని కసిరింది. అంతలోనే మెత్తబడింది. "నాకు ఊరు సంగతి కూడ తర్వాతనయ్యా. హరిణి పోవాలె. పురుడు గాకముందే నాగపూర్ పోవాలె. నా బిడ్డ ఇక్కడ కనొద్దు."

"మరి గా మాట దానికే చెప్పరాదు?"

"చెప్పిన. 'అందరు పోతే మేం గూడ పోతం, మేమొక్కలమే పోతే ఊరంతా ఏమనుకుంటది, సైంటిస్టు బిడ్డ గదా అని ఆగమాగమైతరు' అంటది. గా మొండితనం ఎవలది?"

"నాది గాదు," అన్నాను. ఆమె నవ్వలేదు.

*

ఆదివారం హాలు నిండిపోయింది. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని గోడల వెంట నిలబడ్డారు. ముందు వరసలో మామ, ఆయన పక్కన ఆయన దోస్తు రాజలింగు. రాజలింగు గనిలో కప్పుకు దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. ఒక చెవి వినబడదు, అయినా మీటింగు పెడితే ఆయన మాటే పైన ఉంటుంది. మూడో వరసలో హరిణి, చున్నీ నడుం చుట్టూ సర్దుకుంటూ, వెనక్కి ఆనుకోలేక ముందుకు వంగి కూర్చుంది.

శ్యామల మైకు పట్టుకుని అంతా చెప్పింది. గుండు, పెనం, ముద్ద, సోడా సీస అన్నీ. మంచిగా చెప్పింది. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేట్టు చెప్పింది. ప్లాంటు ఆపాలంది. మనందరం కలిసి ఇంకోచోటు అడుగుదామంది.

రాజలింగు లేచాడు.

"అంతా మంచిగనే చెప్పినవ్ బిడ్డా. ఎన్నేండ్లు?"

శ్యామల మైకును ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. నాకు ఆమె జవాబు తెలుసు. ఇన్ని రోజులుగా విన్నదే. "తెల్వదు" అనే మాట ఆమె నోటి చివర ఉండడం నాకు కనబడుతూనే ఉంది. అప్పుడు ఆమె హరిణి వైపు చూసింది. హరిణి నడుం నొప్పితో ఒక పక్కకు ఒరిగింది.

"పదేండ్లు," అంది శ్యామల. "పదేండ్లల్ల ఇక్కడ ఏం ఉండది."

నేను తల వంచుకున్నాను. ఫణీంద్ర గారు కూర్చున్నచోటి నుంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నారు. చెప్పేసిందిలే, కదులుతారులే, బిడ్డ బయటపడుతుందిలే అనుకున్నాను. అబద్ధమైనా పుణ్యమే అనుకున్నాను.

"పదేండ్లా?" అన్నాడు రాజలింగు, వినబడే చెవికి చెయ్యి ఆనించి.

"పదేండ్లు."

"పక్కానా?"

శ్యామల తల ఊపింది.

రాజలింగు వెనక్కి తిరిగి జనం వైపు చూశాడు. ఆయన ముఖం విప్పారింది. "ఇన్నరారా? ముప్పై ఆరేండ్లు దిగిన నేను గనిలకు. పొద్దుగాల దిగితే మాపటికి ఎక్కుతవని ఒక్కడన్న, ఒక్కనాడన్న నాకు గ్యారంటీ ఇచ్చిండా? పదేండ్లు! బిడ్డ పదేండ్లు రాసిస్తున్నది!"

ఎవరో నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అందరూ కొట్టారు. బిగబట్టిన ఊపిరి వదిలినట్టు హాలు హాలంతా తేలికైంది. నా చిన్నవాడికి అప్పటికి ఇంటరు అయిపోతుందని ఒకామె అంది. నాకు రిటైర్మెంటుకు ఎనిమిదే, ఇంకా రెండు మిగుల్తాయని ఒకడు. తొమ్మిదో ఏడు పోదాం, ఇప్పట్నించే ఏం తొందర అని ఇంకొకడు. ప్లాంటు ఆపమని ఎవడు అడుగుతాడింక?

"గట్ల గాదు!" అని శ్యామల మైకులో అరిచింది. "పదేండ్లు ఆగుతదని గాదు నేను జెప్పేది! రేపు గూడ గావొచ్చు!"

"మల్ల మాట మారుస్తున్నవేంది మేడం?" అని వెనక నుంచి ఎవడో అన్నాడు. అందులో కోపం కూడా లేదు, సరదాగానే అన్నాడు. "ఇప్పుడే గదా తల ఊపినవ్!"

ఆమె మైకు కింద పెట్టేసింది. మామ లేచి వచ్చి కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇడువు బిడ్డా. పదేండ్లంటే మస్తు. నాకన్ని అక్కర్నే లేదు," అన్నాడు. ఓదార్చాననే అనుకున్నాడు పాపం.

*

కంపెనీ మా ఊరికి పదేళ్ళ ప్రణాళిక మంజూరు చేసింది. ప్లాంటు మేనేజర్ల ముఖాల్లో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. ఇంకా రెండు బావులు వేస్తారట. ఆ కబురు ఫణీంద్ర గారే ఫోన్ చేసి చెప్పారు.

"ఎందుకలా అనేశారండీ?" అని అడిగారు. కోప్పడలేదు. కోపం తెచ్చుకునే శక్తి ఆ మనిషిలో లేదు. శ్యామల ఫోన్ నా చేతికిచ్చింది. "ఉంటం సార్," అని పెట్టేశాను.

అదే వారంలో ఒకరోజు పొద్దున్నే, శ్యామలా నేనూ వంటగదిలో ఉండగా హరిణి వచ్చింది. చేతిలో స్టీలు గిన్నె, గిన్నెలో సేమ్యా పాయసం.

"అమ్మా, నోరు తీపి చేసుకో. నాగపూరోళ్ళకు మీ అల్లుడు రామని చెప్పేసిండు. ఇగ ఎక్కడికి పోం. పదేండ్లున్నయి గదా. పిల్ల పుట్టి, కొంచెం పెద్దగై, నాలుగో తరగతి దాక నా బళ్ళెనే చదువుకుంటది. నువ్వు, బాపు, తాత అందరు ఇక్కడనే ఉంటిరి. అప్పటికి సూసుకుందాం."

శ్యామల గిన్నె అందుకుని గట్టు మీద పెట్టింది. తలుపు దగ్గరికి వేసి వచ్చి, బిడ్డ రెండు చేతులూ పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది.

"ఇను హరిణీ. నేను అబద్ధం జెప్పిన. పదేండ్లు అన్నది అబద్ధం. మీరు కదులుతరని అన్న."

హరిణి ముఖం పాలిపోయింది. "అయితే ఎన్నేండ్లు?"

"తెల్వదు."

"తెల్వదంటే? తక్కువనా?"

"తక్కువ గావొచ్చు. రేపు గావొచ్చు."

"ఎక్కువ గూడ గావొచ్చా?"

శ్యామల బిడ్డ చేతులు వదిలి, గట్టు మీది గిన్నెను పక్కకు జరిపింది.

"నిజం జెప్పమ్మా. నా మీద ఒట్టు. ఎక్కువ గూడ గావొచ్చా?"

"గావొచ్చు," అంది శ్యామల.

"ఎంత ఎక్కువ?"

అబద్ధం ఆడడం ఆమెకు చేతకాదు. ఒక్కసారి ఆడింది, ఊరు మునిగింది. రెండోసారి ఆడలేకపోయింది. "మూడు వందల ఏండ్లు," అంది. "అసలు గాకనే పోవచ్చు."

హరిణి పెద్దగా ఊపిరి వదిలింది. రంగు మళ్ళీ ముఖంలోకి వచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. "అమ్మా! ఎంత భయపెట్టినవే! అంటే నువ్వు తక్కువ జేసి చెప్పినవన్నమాట. పదే అన్నవ్, వందలున్నయి!" అని తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది.

శ్యామల ఆ కౌగిట్లోంచి నా వైపు చూసింది. "నువ్వన్న జెప్పు. నా మాట అర్థమైతలేదు దీనికి. నువ్వు జెప్పు."

నేను నోరు తెరిచాను. ఏం చెప్పాలో నాకు తెలుసు. సోడా సీస సంగతి మళ్ళీ చెప్పవచ్చు. తీగ ఈ నెల ఇంకా వంగిందని చెప్పవచ్చు. బిడ్డ నా మాట కాదనదు, చిన్నప్పటి నుంచీ తల్లి మాట కన్నా నా మాటే వింటుంది. పో అంటే పోయేదేమో. కానీ ఆ వంటగదిలో నాకు నిజంగా కలిగిందేమిటో చెబుతాను. భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సంతోషం. బిడ్డ పోవడం లేదు. మనుమరాలో మనుమడో రెండు వీధుల అవతల పెరుగుతారు. షిఫ్టు దిగి వచ్చేటప్పుడు ఎత్తుకుని రావచ్చు. మూడు వందల ఏళ్ళు. ఎందుకు కాకూడదు?

శ్యామల నా ముఖం చదివింది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురం, దాచడానికి ఏం ఉంటుంది?

"నువ్వు గూడనా?" అంది.

బిడ్డ చేతులు మెల్లగా విడిపించుకుని, తలుపు తీసుకుని ఆఫీసుకు నడిచి పోయింది. హరిణి ఒక గిన్నెలో పాయసం పోసి నా చేతికిచ్చింది. నేను తిన్నాను.